ఎవరికైనా తోచేదే

మా నాన్న పడవల మేస్త్రీ. ధవళేశ్వరం దిగువన, గోదావరి గట్టు కింద ఆయన షెడ్డు. పడవ చెక్కకు బూజు పట్టకుండా జీడిపిక్కల నూనెలో మైలుతుత్తం కలిపి, కాచి పూస్తాడు. కాచేటప్పుడు తలుపు వేసుకుంటాడు. పాళ్లు నాక్కూడా చెప్పలేదు. కన్నకూతుర్నే దొంగను చూసినట్టు చూశాడని నాకు ఇప్పటికీ ఉక్రోషమే.

పోయిన వానాకాలం ఒక కంపెనీ మనిషి షెడ్డుకొచ్చి నల్లటి డబ్బా మూత తీశాడు. నాన్న వాసన చూశాడు. అచ్చం తను కాచేదే. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. దీనికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టామనీ, అది వచ్చాక ఇంకెవరూ ఇలాంటిది తయారుచేయకూడదనీ ఆ మనిషి నవ్వుతూ చెప్పి వెళ్లాడు.

రాజమండ్రిలో ఒక లాయరుగారిని కలిశాం.

"తలుపేసుకుని వాడింది లెక్కలోకి రావడం కష్టమండి," అన్నారాయన. "ఒక్కటే దారి. జీడినూనె ఉప్పాడ పడవలకీ పూస్తారు. మైలుతుత్తం కొబ్బరి తెగులుకి వాడతారు. ఈ రెండూ కలపాలని మామూలు మేస్త్రీ ఎవరికైనా తోస్తుందని తేలితే వాళ్లకి పేటెంటు రాదు. ఆ మాట ఈ పని ఎరిగిన మేస్త్రీ ఎవరైనా చెప్పాలి."

మిగతా మేస్త్రీలను అడిగాను. ఎవరూ కలిపి ఎరగరు. ఇక నాన్నే దిక్కు.

వారం రోజులు ఆయన చేత వల్లె వేయించబోయాను. "ఎవరికైనా తోచేదే" అనాలి, అంతే. తల ఊపేవాడు, పైకి మాత్రం అనేవాడు కాదు. అన్నం సగంలో లేచిపోయేవాడు. చెక్క పుచ్చితే ఓర్చుకుంటాడు గానీ, పనితనాన్ని తక్కువ చేస్తే ఓర్చుకోడు మా నాన్న. అది తెలిసీ వల్లె వేయించడం మానలేదు. భయం. షెడ్డు మూతపడితే ఈ వయసులో ఆయన ఏం చేస్తాడు?

సోమవారం నాన్న మాట రాసుకోడానికి లాయరుగారు వీడియో కాల్ చేశారు. పక్కన గుమాస్తా రాసుకుంటున్నాడు.

"ఆ రెండూ కలపాలని మిగతా మేస్త్రీలకీ తోస్తుందాండి?"

నాన్న నా వైపు చూడలేదు. చొక్కా సర్దుకున్నాడు.

"ఎవడికీ తోచదండి. నూనెలో అది విరిగిపోద్ది. దాన్ని నిలబెట్టడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ఇంకొకడి వల్ల కాదు."

గుమాస్తా చెయ్యి ఆగిపోయింది. లాయరుగారు మర్యాదగా నమస్కారం పెట్టి కాల్ కట్ చేశారు. నిమిషానికి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆయన మాట ఆ కంపెనీకే సాక్ష్యమమ్మా, మనం ఇక నిలబడలేం.

నాన్న మొహం వెలిగిపోతోంది. అలా నేనెప్పుడూ చూడలేదు.

"బాగా చెప్పానామ్మా?"

ఫోన్ బోర్లా పెట్టాను.

"బాగా చెప్పావు నాన్నా," అన్నాను.