మామ్మగారి మేడ మీద పొంగని పాలు

ఆ రోజుల్లో (మరీ ఎడ్లబళ్ల కాలం అనుకోకండి, అప్పటికే అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి) అమలాపురంలో మా లేడీస్ హాస్టల్ గదుల్లో వంట చేయడం మహానేరం. నేరమన్నాక చేసేవాళ్లు కూడా ఉండాలి కదా, మా గదిలో ఆ బాధ్యత నాది. పెట్టెలో చున్నీల కింద ఓ కరెంటు పొయ్యి దాచి, మూడేళ్లపాటు టీలు, నూడుల్సు, ధైర్యం చేసి ఒకసారి ఉప్మా కూడా వండాను. మా రూమ్మేటుది కాపలా. వరండాలో వార్డెన్ మేడమ్ చెప్పుల చప్పుడు వినగానే తను రెండుసార్లు దగ్గేది. ఆ దగ్గు వినగానే నేను స్విచ్చి కట్టేసి, గిన్నెతో సహా పొయ్యి మీద తువ్వాలు కప్పేసి, ఒళ్లో పుస్తకం తెరుచుకుని సరస్వతీదేవిలా కూర్చునేదాన్ని. అందుకే తనకి దగ్గుల్రాణి అని పేరొచ్చింది. మూడేళ్లలో ఒక్కసారీ దొరకలేదు. చదువులో రాని ర్యాంకు మాకు ఇందులో వచ్చింది.

నాలుగో ఏడాది హాస్టల్ సాంబారు మీద విరక్తి పుట్టి, కాలవగట్టు దగ్గర ఓ మామ్మగారి మేడ మీద వాటా అద్దెకి మాట్లాడుకున్నాం. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. "శుక్రవారం తొమ్మిదిన్నరలోపు పాలు పొంగించాలమ్మా. ఆ తరవాత వర్జ్యం. పాలు పొంగందే సామాను గడప దాటనివ్వను. మళ్లీ మంచిరోజు పదిరోజుల దాకా లేదు, ముందే చెప్తన్నాను." మేం బుద్ధిగా తలూపాం. పాలు పొంగించడం కూడా ఓ పనా! (దగ్గుల్రాణి వాళ్లింట్లో కొత్తింట్లోకి వెళ్తే పాస్టరుగారొచ్చి ప్రార్థన చేస్తారు, పాల సంగతి తనకి కొత్త. నాకు మాత్రం అన్నీ తెలుసునని నా నమ్మకం.)

శుక్రవారం పొద్దున్నే సామానంతా ఆటోలో వేసుకుని వచ్చేశాం. హాస్టల్లో మా మంచాల మీద అప్పటికే జూనియర్లు దుప్పట్లు పరిచేశారు, ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. మామ్మగారిచ్చిన కొత్త గిన్నెలో పాలు పోసి, తూర్పుముఖంగా పొయ్యి పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. దగ్గుల్రాణి అలవాటుగా గుమ్మం దగ్గర నిలబడింది. పాలు అంచుదాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. దగ్గుల్రాణి ఖళ్‌, ఖళ్‌! అంతే, స్విచ్చి ఆగింది, తువ్వాలు పడింది, నా ఒళ్లోకి పంచాంగమో పాఠ్యపుస్తకమో ఏదో వచ్చింది.

లోపలికొచ్చిన మామ్మగారు చుట్టూ చూశారు. "పాలేవమ్మా?"

"ఏ పాలండీ?" అన్నాను అమాయకంగా. "మేమేం కాయట్లేదండీ. ఒట్టు."

తువ్వాలు కింద నుంచి ఆవిరి వస్తోంది. ఆవిడ తువ్వాలెత్తి చూసి, నావంక చూసి, "పాలు పొంగించమంటే దాచుకుంటారేంటమ్మా!" అన్నారు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయి, ఉన్నదంతా చెప్పేశాం. కింద నుంచి ఆటో అతను, "బేగా కానివ్వండమ్మా, మబ్బట్టేసిందండీ, పరుపులు తడిసిపోతాయండి, ఆయ్!" అని కేకేశాడు.

రెండోసారి, ఆపకూడదని తెలిసే కూర్చున్నాను. ఐనా పాలు లేచేసరికి నా చెయ్యి నా మాట వినలేదు, వెళ్లి స్విచ్చి కట్టేసింది. తొమ్మిదీ ఇరవై ఐదు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇంత చదువు చదివి పాలు పొంగించడం చేతకాక, పదిరోజులు పరుపుతో ఆటోలో కాపురం చేయాల్సి వచ్చేలా ఉంది.

మామ్మగారు తనే మళ్లీ స్విచ్చి వేసి, నా వెనకాల చతికిలబడి, నా రెండు చేతులూ వెనక్కి పట్టేసుకున్నారు. దగ్గుల్రాణిని లోపలికి పిలిచారు. తను దగ్గకుండా గట్టిగా కళ్లు మూసుకుని, "ప్రభువా, పొంగించు తండ్రీ" అని ప్రార్థన మొదలెట్టి, గతుక్కుమని ఆగింది. "ఆగిపోయేవేంటమ్మా, కానియ్. ఏ దేవుడైతేనేం, పొంగితే చాలు" అన్నారావిడ. పాలు లేచాయి. నా చేతులు గింజుకున్నాయి. మామ్మగారు వదల్లేదు. నా చెవి దగ్గరగా వంగి, "పొంగనీ అమ్మా. ఇది మీ ఇల్లే. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు" అన్నారు.

తెల్లగా పొంగి, తూర్పువైపే ఒలికాయి. పొయ్యి కుయ్‌కుయ్‌మని అరిచి ఆగిపోయింది. మేం ముగ్గురం నవ్వుకుంటుంటే, పరుపులు మాత్రం సగం తడిసే పైకొచ్చాయి.

ఇప్పుడు నాకు నాలుగు బర్నర్ల గ్యాసు పొయ్యి ఉంది, దాచాల్సిన పని లేదు. ఫోను మాట్లాడుతూ వారానికి రెండుసార్లు పాలు పొంగిస్తాను, గట్టు తుడుచుకుంటూ నన్ను నేనే తిట్టుకుంటాను. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పాలు లేవడం చూసి కూడా ఆపను. చేతులు వెనక్కి కట్టుకుని, ఒలికేదాకా అలా నిలబడి చూస్తాను.