ధర్మవరం దాకా రాని పరుగు

ఆ వారం మేమంతా పెనుకొండలో ఒక కల్యాణ మండపంలో ఉన్నాం. నాది హిందూపురం. ఫిజియోథెరపీ చేస్తాను. ట్రయాథ్లాన్ పోటీకి వెళ్తున్న ఒక చిన్న జట్టుకు ఆ వారమంతా తోడుగా ఉండమని వాళ్ళ కోచ్ అడిగితే సెలవు పెట్టి వెళ్ళాను. హిందూపురం దగ్గర చెరువులో ఈత, అక్కడి నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా సైకిలు, ఆ వెంటనే ధర్మవరం వీధుల్లో పరుగు. పోటీ అంటే ఈ మూడూ ఆగకుండా చేయాలి. వధూవరులు కూర్చునే వేదిక మీద సైకిళ్ళు ఆనించి ఉండేవి. కింద చాపల మీద పిల్లలు పడుకుంటే నేను వాళ్ళ పిక్కలు వత్తేదాన్ని.

జట్టులో ఒక్కతే ఆడపిల్ల. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి బిడ్డ. తల్లి లేదు, తండ్రే పెంచాడు. కోచ్ యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆ పిల్ల ఈదుతుంటే మాత్రం గట్టు మీద నిలబడి తనలో తాను నవ్వుకునేవాడు. ఈసారి గెలుస్తుందని ఆయన ఎప్పుడూ అనలేదు గాని, మా అందరిలో ఆ నమ్మకం ఉండేది.

రోజూ సాయంత్రం తండ్రి ఫోన్ చేసేవాడు. ఆమె ఫోన్ పక్కన పెట్టుకుని, జడ అల్లుకుంటూ మాట్లాడేది.

"మన వీధిలో అందరికీ చెప్పినా. రైలు గేటు కాడ నిలబడుకోనుంటాం. మమ్మల్ని చూసి ఆగొద్దు. నీ పాటికి నువ్వు పరిగెత్తు" అనేవాడాయన.

పోటీకి ముందు అందరికీ గుండె పరీక్ష చేయించాలన్నారు. హిందూపురంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మగపిల్లలవి తొందరగానే అయిపోయాయి. ఆమెది మళ్ళీ తీశారు, ఆ తర్వాత స్కానింగ్ చేశారు. డాక్టరమ్మ కోచ్‌ను, నన్ను కూడా లోపలికి పిలిచి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయావా?"

"ఒకసారి పడినా. ఎండకేమో అనుకున్నా."

"ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయారా?"

"మా అమ్మ. నీళ్ళ బిందె ఎత్తుకోబోతా పడిపోయిందంట. నాకప్పుడు తెలివి ల్యా."

డాక్టరమ్మ స్కానింగ్ కాగితం ఆమె వైపు తిప్పింది. గుండె కండరం ఉండాల్సిన దానికంటే మందంగా ఉందని, ఇది తల్లి నుంచి బిడ్డకు రావచ్చని నెమ్మదిగా చెప్పింది. మందులు వాడుకుంటూ బతకొచ్చు, కానీ ఇలాంటి పోటీలు ఇక వద్దు, పరుగు మధ్యలోనే ప్రాణం పోవచ్చు అంది.

పోటీ సంగతి అడుగుతుందనుకున్నాను. ఆ పిల్ల మాత్రం, "అయితే మా అమ్మకు కూడా ఇదేనా?" అంది.

"అయ్యుండొచ్చమ్మా."

మండపానికి వచ్చాక కోచ్ ముందు నిలబడింది. "ఈత ఒక్కటన్నా చేస్తా సార్. తక్కినవి వద్దు."

"వద్దమ్మా."

"నాకేం నొప్పి ల్యా సార్."

"తెలుసమ్మా. అయినా వద్దు."

ఆయన వేదిక ఎక్కి ఆమె సైకిలు చక్రాలు విప్పి, పాత దుప్పటిలో చుట్టడం మొదలుపెట్టాడు. ఆ పని అప్పుడే చేయనక్కర్లేదు, చేతులు ఊరుకోలేక చేశాడనుకుంటాను. చుడుతూ చుడుతూ మోచేత్తో కళ్ళు తుడుచుకుంటుంటే చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తండ్రికి తనే చెప్తానంది. ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేసి మళ్ళీ రైలు గేటు సంగతే చెప్తే అంతా విని "సరే నాయనా" అని పెట్టేసింది. మర్నాడూ అంతే.

పోటీ రోజు పొద్దున చెరువు గట్టున తక్కినవాళ్ళ తువ్వాళ్ళు పట్టుకుని నిలబడింది. ఎవరి పేరు పిలిచినా చప్పట్లు కొట్టింది. సైకిళ్ళు బయలుదేరాక కోచ్ వాటి వెనక వెళ్ళాడు. మేమిద్దరం వ్యాన్‌లో ధర్మవరం దారి పట్టాం. పెనుకొండ దాటాక అంది, "నాయనకు చెప్పేకి నోరు రాల్యాక్కా. నువ్వు చెప్పు."

రైలు గేటు దగ్గర తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధివాళ్ళను వెంటబెట్టుకుని ఉన్నాడు. బిడ్డ కోసం చెంబులో మజ్జిగ తెచ్చాడు. నేనెవరో చెప్పి పక్కకు పిలిచాను.

"బిడ్డకేమైందమ్మా?"

"బాగుండాదన్నా. వ్యాన్‌లో కూర్చోనుండాది" అని ముందు ఆ మాట చెప్పి, తర్వాత డాక్టరమ్మ అన్నవన్నీ చెప్పాను, ఆయన భార్య సంగతితో సహా.

ఆయన రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు.

"ఆ పొద్దు నన్నే పొమ్మనింది నీళ్ళకు. మగ్గం మింద నుంచి లేయలేక నువ్వే పోయిరా అంటి. నేను పోయింటే బతికుండేదని ఇన్నేండ్లూ అనుకుంటాండా."

"నువ్వు పోయినా ఆ జబ్బు ఆయమ్మను ఇడిసేది కాదేమోన్నా."

ఆయన మజ్జిగ చెంబు చేతిలోకి తీసుకున్నాడు. నా మాట ఊరటైందో, కొత్త భయమైందో నాకు తెలియలేదు. లేచి వ్యాన్ ఎక్కి బిడ్డ పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రి ఊసెత్తలేదు.

"ఏమన్నా తింటివా?" అన్నాడు.

ఆసుపత్రిలో ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

బయట పరుగు మొదలైంది. మా జట్టు పిల్లలు ఎండలో ఒక్కొక్కరుగా వచ్చారు. ఆమె కోసం వచ్చిన వీధివాళ్ళు, సంగతి తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ, ఆ పిల్లలకే కేకలేసి చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ళు తుడుచుకుని, కిటికీలోంచి "భుజాలు బిగబట్టొద్దురా" అని ఒకడికి చెప్పింది.

కొన్ని నెలల తర్వాత ఆమెను చూడడానికి వెళ్ళాను. మాత్రలు వేసుకుంటోంది. ఈత బట్టలు ఎవరికో ఇచ్చేసిందట. కోచ్ అప్పుడప్పుడు వచ్చి కాసేపు కూర్చుని వెళ్తాడట, ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరట. మెల్లగా నడవడానికి మాత్రం డాక్టరమ్మ ఒప్పుకుంది. పొద్దున్నే తండ్రి మగ్గం ఎక్కే ముందు ఆమెను వెంటబెట్టుకుని నడుస్తాడు.

"నాయన కంటే ముందు పోకూడదంటక్కా. ఈత కంటే, సైకిలు కంటే అదే కష్టంగా ఉండాది" అంది.