గంగమణి బిందె

ఎడపల్లిలో ఎవరింట పెళ్ళయినా, తలంబ్రాల తర్వాత ఉంగరం తీసే ఆట ఆడించడానికి గంగమణికే కబురు వచ్చేది. ఆమె తన ఇత్తడి బిందెను చంకన పెట్టుకుని బయల్దేరేది. ఇరుకు మూతి, లోపల ముంజేయి మునిగేంత పసుపునీళ్ళు. సొంత చేను పసుపు కాబట్టి అడుగు కనిపించనంత చిక్కగా కలిపేది.

నిశ్చితార్థంలో ఒకరి వేలికొకరు ఉంగరాలు తొడుక్కోవడం ఆ ఊరికి నిన్నమొన్న వచ్చిన ముచ్చట. గంగమణి పెళ్ళినాడు కాలివేళ్ళకు మెట్టెలు ఎక్కాయి గానీ చేతివేలికి ఏమీ ఎక్కలేదు. కనిపించిన ఒకే ఒక్క ఉంగరం బిందెలో వేసినదే. అదీ ఆట కాగానే మేనమామ వేలికి తిరిగిపోయింది. అయినా అందరి కళ్ళూ దానిమీదే. ముందు తీసినవారిదే ఇంట్లో పెత్తనమని నమ్మకం. ఆ రోజు గంగమణి గెలిచింది. ఏడాది తిరక్కుండానే అత్త దేవవ్వ చేతిలోంచి వంటిల్లు ఆమె చేతికొచ్చింది.

ఆమె బిందె అడుగున ఓ పక్క సొట్ట ఉంది. వేసిన ఉంగరం జారి అందులోనే కూర్చుంటుంది. ఇక బిందెను సర్దుతున్నట్టు సర్ది, సొట్టను పెళ్ళికూతురి వైపు తిప్పడమే పని. ఆమె ఆడించిన ఏ పెళ్ళిలోనూ పిల్ల ఓడలేదు.

ఈ ఎండాకాలం ఆమె కొడుకు వేణుకే పెళ్ళి. బోధన్ ఫంక్షన్ హాల్లో గంగమణి బిందె ముందు కూర్చోగానే దేవవ్వ వెనకనుంచి వీపులో పొడిచింది.

"ఊర్ల పిల్లలందర్ని గెలిపిచ్చినవ్. ఇయ్యాల నా మనుమడు ఓడిండనుకో, గా నీళ్ళు నీ నెత్తిన గుమ్మరిస్త!"

"ఊకో అత్తా. నా వంటింటి సంగతి నాకు తెల్వదా?"

గంగమణి సొట్టను కొడుకు వైపు తిప్పింది. రెండు చేతులూ లోపలికి వెళ్ళాయి. చిన్నప్పటినుంచి తల్లి పనితనం చూస్తూ పెరిగిన వేణు, తెలివిగా పెళ్ళికూతురు అఖిల వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అడ్డొచ్చి అఖిల చెయ్యి అతని వైపుకు జారింది. ఉంగరం ఆమెకే దొరికింది.

ఆడవాళ్ళు కేకలేశారు. గంగమణి కొడుకును కొరకొరా చూసింది. వీడు అటే వెతికేటట్టున్నాడని, రెండోసారి సొట్టను అఖిల వైపు తిప్పింది. తల్లి చూపుకు బుద్ధి తెచ్చుకున్న వేణు ఈసారి తన వైపే తడిమాడు. అఖిల మళ్ళీ ఉంగరం ఎత్తి చూపింది.

"నువ్వెప్పుడు పిల్ల దిక్కే పెడ్తవు గదమ్మా!" గొణిగాడు వేణు.

"నీకోసమే మార్చిన గదరా బేకూఫ్!"

అఖిల విన్నది. బిందె అంచు పట్టుకుంది.

"అత్తమ్మా, మూడోసారి నేను తిప్పుత. నువ్వు జర జరుగు."

దేవవ్వ నవ్వాపుకోలేక కడుపు పట్టుకుంది. గంగమణి కోడలిని ఎగాదిగా చూసి, చాప మీద పక్కకు జరిగింది. అఖిల బిందెను తిప్పబోతే చప్పున ఆమె మణికట్టు పట్టుకుంది.

"అందరి ముందట గట్ల తిప్పుతరా? ముందుగాల్ల కొంగు అడ్డం ఏసుకో బిడ్డా."