చెయ్యి పెట్టి చూడని మోకాలు

మోకాలి మీద చెయ్యి పెట్టి చూడమని మా అక్క నన్ను మూడుసార్లు అడిగింది. మొదటి రెండుసార్లు నేను పెట్టలేదు. మూడోసారి పెట్టేనాటికి ఆ మోకాలు దక్కే దశ దాటిపోయింది.

అక్క ముప్పై ఏళ్లకు పైగా ముంబయి పక్కనున్న భివండిలో కండెలు చుట్టింది. సాంచెలనే మరమగ్గాల నాడెల్లోకి నూలు అందించే ఆ కండెల మిషను దగ్గర కూర్చునే పని ఉండదు. పొద్దంతా నిలబడాలి, వంగాలి, మళ్లీ నిలబడాలి. శాంతి నగర్‌లో మేముండే గల్లీలో యాభై దాటిన ఆడవాళ్లు చాలామంది గోడ పట్టుకునే నడుస్తారు. దాన్ని వయసు అంటారు. వయసు కాదది, పని. అరిగిన బేరింగు మార్చకపోతే మిషను నడవదని బాగా తెలిసిన మనుషులే, అరిగిన కీలు మార్చుకోవచ్చంటే మాత్రం దండం పెట్టి దూరం జరుగుతారు. గల్లీ అంతా వద్దంటుంటే నేను ఈ మాట మీదే వాదించి గెలిచి, ఠాణేలోని ఒక ఆసుపత్రిలో అక్కకు కుడి మోకాలు మార్పించాను.

ఆ మోకాలు బాగా పనిచేసింది. అక్క గది పై అంతస్తులో ఉంది. ఎక్కడానికి నిటారు ఇనుప మెట్లు. ఆపరేషనైన ఆరు నెలలకు నీళ్ల బిందెతో ఆ మెట్లెక్కింది. నేను హేతువాద సభల్లో ఆ ముచ్చట చెప్పేవాణ్ని. దేవుడిచ్చిందన్న కీలు అరిగిపోయింది, మనిషి చేసిన కీలు మెట్లెక్కుతోంది అనేవాణ్ని. చప్పట్లు మోగేవి. అలా అక్క మోకాలు నా వాదనలో ఒక ముక్క అయిపోయింది. తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

ఏడాదిన్నర గడిచాక నొప్పి వచ్చింది. జ్వరం లేదు. వాపు కూడా చెప్పుకునేంత లేదు.

“తమ్మీ, జర చెయ్యి వెట్టి సూడు. ఎడమది సల్లగున్నది, ఇది గరం ఉన్నది. బేరింగ్ గరమైనట్టే ఉన్నది” అంది అక్క.

కండెల మిషను నడిపేవాళ్ల చేతులకు ఒక చదువు ఉంటుంది. కార్ఖానా చప్పుడులో చెవి పనిచేయదు. అందుకని దాటిపోతూ బేరింగు మీద అరచెయ్యి వేసి మిషను మంచిచెడ్డలు తెలుసుకుంటారు. వేడెక్కిందంటే లోపల ఏదో చెడింది. అక్క చెప్పి విప్పించిన ప్రతిసారీ మేస్త్రీకి లోపల లోపం కనిపించింది. ఇది నేను చిన్నప్పటి నుంచి చూసిందే. అయినా చెయ్యి పెట్టలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే పక్క గది పెద్దమ్మ నోరు విప్పింది. పెద్దమ్మ అంటే చుట్టం కాదు. బోనాలప్పుడు అమ్మవారు పూనుతుందని గల్లీ అంతా నమ్మే ముసలామె.

“ఒంట్లె ఇనుము వెట్టిచ్చుకుంటిరి. అమ్మకు ఒక్క మాట జెప్తిరా? ఒక్క బోనం ఎత్తితిరా? ఆమెనే వచ్చి మోకాల్ల కూసున్నది” అంది.

“కూసునేటందుకు ఆమెకు ఇంకో జాగ దొర్కలేదా పెద్దమ్మా? మా అక్క మోకాలే దొర్కిందా?”

“నవ్వు బిడ్డా, నవ్వు. సదువుకున్నోనివి. నొచ్చేది నీ మోకాలైతే గాదు గద!”

మెట్ల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నాకు మండిపోయింది. అక్క చెప్పిన వేడినీ, పెద్దమ్మ చెప్పిన అమ్మవారినీ ఒకే మూట కట్టి, మూఢనమ్మకమని అవతల పారేశాను. అందరి ముందే మాటిచ్చాను.

“మోకాల్ల చీము ఉంటే నెత్తురే జెప్తది. నెత్తురు పరీచ్ఛ జేపిస్త. శుక్కురారం గీడనే నిలవడి కాయిదం సదువుత. ఏం లేదని వస్తె ఇగ అమ్మ ముచ్చట ఎత్తద్దు.”

శుక్రవారం మా దగ్గర సాంచెలు ఆగే రోజు. వినేవాళ్లకు కొదవుండదు.

ఆ పరీక్షలు రెండు. రక్తంలోని ఎర్రకణాలు గొట్టంలో ఎంత వేగంగా కిందికి దిగుతున్నాయో చూసేది ఒకటి. ఒంట్లో ఎక్కడైనా వాపు రేగితే కాలేయం ఒక ప్రొటీన్‌ను ఎక్కువగా వదులుతుంది, దాన్ని కొలిచేది ఇంకొకటి. అమర్చిన కీలు చుట్టూ సూక్ష్మక్రిములు చేరితే సాధారణంగా ఈ రెండూ పెరుగుతాయి. ‘సాధారణంగా’ అన్న మాట నేను చదివాను. గల్లీలో చెప్పేటప్పుడు దాన్ని వదిలేశాను. పందెం వేసినవాడికి ఆ మాట అడ్డం వస్తుంది.

బుధవారం ల్యాబుకు వెళ్లాం. సూది గుచ్చే మనిషి, ఈమె ఏమైనా మందులు వాడుతోందా అని హిందీలో అడిగాడు. అక్క నోరు తెరిచేలోగా “కుఛ్ నై” అని నేనే చెప్పేశాను. అక్క నా వైపు చూసి తల దించుకుంది. రక్తం తీశాక, మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని మెల్లగా అడిగింది.

“ఒక్కపాలి చెయ్యి వెట్టి సూడరాదు?”

“మిషన్ జూస్తది అక్కా. నా చెయ్యేం జూస్తది?”

శుక్రవారం కాగితం చదివాను. రెండు అంకెలూ ఉండాల్సిన హద్దులోనే ఉన్నాయి. మెట్ల కింద నిలబడి, గొంతు పెంచి, అంకెలను రెండుసార్లు చదివాను. పెద్దమ్మ చెంగు దులుపుకుని లేచింది.

“కాయిదానికి కాళ్లు నొస్తయా బిడ్డా?” అని లోపలికి వెళ్లిపోయింది.

ఈసారి నవ్వింది నేను. అక్క పైన తలుపు దగ్గర, గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆ రోజు నుంచి నొప్పి అన్న మాట ఆమె నోట రాలేదు. తగ్గిందనుకున్నాను. బిందె మోయడం మానేసినప్పుడు కూడా తగ్గిందనే అనుకున్నాను. వాదనలో ఓడినవాళ్లు నోరు మూసుకుంటారని తెలిసినవాణ్ని, ఆమె ఓడిన పక్షంలో ఉందని మాత్రం గుర్తించలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె చీర మీద, మోకాలి దగ్గర, పసుపుపచ్చని మరక చూశాను.

“ఏంది అక్కా గది?”

“ఏం లేదు. దోమ గుట్టింది, గీకిన.”

“దోమ గుడితె గింత రసి గారుతదా?”

ఆమె చీర కొంచెం పైకి జరిపింది. పాత కుట్టు చివర ఒక పొక్కు చితికి ఉంది.

“ఇప్పుడన్న చెయ్యి వెట్టి సూస్తవా?” అంది.

పెట్టాను. ఒక చెయ్యి ఎడమ మోకాలి మీద, ఒక చెయ్యి కుడి మోకాలి మీద. ఆ తేడా తెలియడానికి ఏ చదువూ అక్కర్లేదు.

మరునాడు ఆటోలో ఠాణే వెళ్లాం. కాశేలి దగ్గర గోడౌన్ల లారీలు దారంతా గుంతలు చేసి పెట్టాయి. ఒక్కో గుంతకు అక్క రెండు చేతులతో మోకాలిని పట్టుకునేది. నేను రోడ్డును తిట్టాను. ఎవరినో ఒకరిని తిట్టాలి కదా.

డాక్టరమ్మ పాత కాగితం చూసింది. నన్ను వదిలేసి, హిందీలో నేరుగా అక్కనే అడిగింది, రక్తం ఇచ్చే ముందు గోలీలేమైనా వేసుకున్నావా అని. అక్క దాచలేదు. కార్ఖానాలో ఒకతనికి కాలికి గాయమై డాక్టరు ఏడు రోజుల యాంటీబయాటిక్ మందు రాశాడు. అతను రెండు రోజులు వేసుకుని మిగిలినవి దాచాడు. మా దగ్గర అంతే, మిగిలిన గోలీలు పారేయరు, ఎవరికి అవసరమైతే వాళ్ల చేతికి మారతాయి. అవి అక్క చేతికి వచ్చాయి. నేను మాటిచ్చిన రోజు నుంచి రక్తం ఇచ్చే రోజు దాకా పూటపూటకూ వేసుకుంది.

ఎందుకు అని డాక్టరమ్మ అడిగింది. అక్క నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

“చెకింగ్ ఉన్నదంటే బట్ట తాను మంచిగ జేస్కోమా తమ్మీ? గట్లనే అనుకున్న. అందరి ముంగట మాటిస్తివి. కాయిదం ఖరాబొస్తె నీ మాట బోతదని.”

బట్ట తాను చెకింగుకు వెళ్లే ముందు కార్ఖానాలో ఏం చేస్తారో నాకు తెలుసు. తెగిన పోగులను సూదితో ఎక్కిస్తారు. నూనె మరక మీద సుద్దపొడి రుద్దుతారు. చూసేవాడి కంటికి బట్ట బాగుంటే చాలు. అక్క తన నెత్తురుకు అదే పని చేసింది. తనకోసం కాదు, నా పరువు కోసం.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఆ గోలీలు లోపలి రోగాన్ని చంపవు గానీ కొన్నాళ్లు దాని ఆనవాళ్లను అణిచి ఉండవచ్చని చెప్పింది. గోలీలు వేసుకోకపోయినా కొన్ని క్రిములు నెమ్మదిగా, చప్పుడు చేయకుండా ఉంటాయట, రక్తంలో పట్టుబడవట. అంకెలు బాగున్నా నొప్పీ వేడీ ఉంటే, కీలులోకి సూది వేసి అక్కడి నీరు తీసి చూడాలట.

“వేడిగా ఉందని ఈమె మీకు చెప్పలేదా?” అని నన్ను అడిగింది.

“చెప్పింది” అన్నాను.

కీలులో నీరు తీసి చూశారు, క్రిములు బయటపడ్డాయి. పెట్టిన లోహం తీసేసి, మందు కలిపిన సిమెంటు ముద్దను ఆ ఖాళీలో ఉంచారు. వారాల తరబడి నరంలోకి మందు ఎక్కించారు. రోగం అణిగితే కొత్త కీలు వేస్తామన్నారు. అణిగింది. కానీ ఆ నాలుగు నెలల్లో రోగం ఎముకను తినేసింది, కొత్త కీలు నిలవదన్నారు. చివరికి పై ఎముకనూ కింది ఎముకనూ లోపలి కడ్డీతో ఒకటిగా కలిపేశారు. ఆ కాలు ఇక వంగదు.

ఇది రాస్తే పెద్దమ్మ పక్షానికి బలం ఇచ్చినట్టవుతుందని ఒక మిత్రుడు హెచ్చరించాడు. ఎందుకవుతుంది? బోనం ఎత్తితే క్రిములు చావవు. కోడిని కోస్తే చీము ఆరదు. ఈ మాట నేను ఇవాళా అంటాను, రేపూ అంటాను. పరీక్షలోనూ తప్పు లేదు, అడిగినదానికి అది చెప్పగలిగింది చెప్పింది. కానీ ఆ శుక్రవారం మెట్ల కింద నేను చేసిందేమిటి? కళ్లెదుట ఉన్నదాన్ని చూడకుండా, అచ్చయినదాన్ని చదివి తీర్పు చెప్పాను. ఇదే పని పురోహితుడు చేస్తే నలభై ఏళ్లుగా తిడుతున్నాను. అసలు ఆ గల్లీలో పరిశీలన అనేది చేసింది అక్క ఒక్కతే. ఎడమదీ కుడిదీ పోల్చి చూసింది ఆమె. ఆమె చదువుకోలేదు కాబట్టి దాన్ని నేను పరిశీలన అనలేదు.

అక్క ఇప్పుడు కిందికి దిగదు. వంగని కాలితో ఆ ఇనుప మెట్లు దిగలేదు. కింది గదికి మారదామంటే, గాలి రాదు వద్దంటుంది. పెద్దమ్మ రోజూ నీళ్లు పైకి మోసి పెడుతుంది. నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బదులు చెప్పేవాణ్ని.

రోగం తిరగబెట్టిందేమో చూడడానికి ఇంకా అప్పుడప్పుడూ రక్తం ఇవ్వాలి. మొన్న ల్యాబు మనిషి పైకి వచ్చాడు. ఏమైనా మందులు వాడుతోందా అని అలవాటుగా నన్నే అడిగాడు. అక్కనే అడగమన్నాను. అక్కే ఒక్కొక్కటి గుర్తు చేసుకుని చెప్పింది, అతను రాసుకున్నాడు. అతను సూది సిద్ధం చేస్తుంటే నేను వంగి ఆమె కాలి మీద చెయ్యి పెట్టాను. ఎవరూ అడగకుండానే. చల్లగా ఉన్నట్టుంది. ఉన్నట్టుంది అని మాత్రమే అనగలను.

“తమ్మీ, గీసారి ఎవ్వలకన్న మాటిచ్చినవా?” అంది అక్క.

“ఇయ్యలే.”

“మంచిగైంది” అని సూదికి చెయ్యి చాపింది.