మిడతను మింగిన చేప

నా చిన్నప్పుడు, సునామీ మా నాన్నను పడవతో సహా తీసుకుపోయాక, మా అమ్మ తిండి మానేసింది. మా దీవిలోనే గరాచర్మ అనే ఊళ్లో చుట్టాలిచ్చిన గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. చేపలంటే ప్రాణమిచ్చే మనిషి, చేప వాసన తగిలితే వాంతి చేసుకునేది. అందరూ సముదాయించారు, కసిరారు. పక్కింటి దీదీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఏమీ లాభం లేకపోయింది.

ఒకరోజు మా నానమ్మ ఆమె పక్కన కూర్చుని, "సేపంటే ఏటి బయమే, అమ్మీ?" అని మెల్లగా అడిగింది.

అమ్మ గోడవైపు తిరిగే చెప్పింది. "అవి ఆయన్ని తినుంటాయి, అత్తా."

పోయింది నానమ్మ కన్నకొడుకు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు నన్ను తీసుకుని బ్రూక్షాబాద్ బస్సెక్కింది. అక్కడ కొండవాలున ఒక మంచినీళ్ల వాగు ఉంది, నాలా అంటారు; సముద్రపు నీరు అంత పైకి ఎక్కలేదు. గడ్డిలో మిడతల్ని పట్టమంది. బతికి కదిలితేనే చేప వస్తుందని, ప్రాణమున్న మిడతను గాలానికి గుచ్చింది. అది కాళ్లు తన్నుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

"ఏడిత్తే ఏడు గానీ, కళ్లు ముయ్యకు. సూడు."

నీటిమీద మిడత కొట్టుకుంటుండగా కింది నుంచి ఒక మట్టగిడస లేచి గుటుక్కున మింగింది. నానమ్మ గాలం లాగింది.

"ఏటి తిన్నాది?"

"మిడత."

"నీ కళ్లతో సూసినావు కదా?"

"సూసినాను."

ఆ మాటే దారి పొడుగునా నాతో చెప్పించింది.

ఇంటికొచ్చి పులుసు పెట్టి, నన్ను అమ్మ ముందు కూర్చోబెట్టింది. "ఇది మంచినీళ్ల సేప, అమ్మా. మిడతను తిన్నాది. నేను సూసినాను," అన్నాను. అమ్మ చాలాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత అన్నంలో చెయ్యి పెట్టింది. ఏడుస్తూనే తిన్నది. నానమ్మ మాత్రం ఆ పులుసు ముట్టలేదు.

దానితో అమ్మ కోలుకుందని చెప్పలేను. ఎండలకు నాలా ఎండిపోయింది. మళ్లీ వానలు పడేలోపే అమ్మ కూడా కన్నుమూసింది. నాన్న శవమైనా దొరకలేదు.

నాకిప్పుడు అప్పటి నా వయసు పిల్లలున్నారు. చావు జరిగిన ఇంటికి వెళితే, తినమని నేను ఎవరినీ బలవంతపెట్టను. పక్కన కూర్చుని, ఏది మింగుడు పడటం లేదో అడుగుతాను. వాళ్లు చెప్పబోయేది వినాలంటే మాత్రం ఇప్పటికీ భయమే.