కింద అక్షరాలు పడే సీరియల్

కాలికి కట్టు ఉన్న ఆరు వారాలూ మిర్యాలగూడలో అమ్మానాన్నల దగ్గరే ఉన్నాను. సూర్యాపేటలో నేను పాఠాలు చెప్పే కాలేజీ మెట్ల మీద జారి, చీలమండ దగ్గర ఎముక విరిగింది. మా ఆయన పొద్దున పోతే సాయంత్రానికి గానీ ఇల్లు చేరడు. అమ్మ కారు మాట్లాడుకొని వచ్చి నన్ను తీసుకుపోయింది.

నాన్న హాలియాలో, హుజూర్‌నగర్‌లో హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి రిటైరైనవాడు. చివరి ఏళ్లలోనే వినికిడి తగ్గింది. ఇప్పుడు చెవి దగ్గర గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. చెవి మిషన్ పెట్టుకుంటే గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు, మనుషుల మాటలు అన్నీ ఒక్కటై తలలో మోగుతాయని దాన్ని తీసి పక్కన పెట్టేశాడు.

కోదాడలో మా చెల్లె వాళ్ల గృహప్రవేశానికి పోయినప్పుడు ఒక సంగతి జరిగింది. భోజనాల దగ్గర ఎవరో పెద్దాయన "ఆరోగ్యం ఎట్లా ఉంది సార్" అని అడిగాడు. నాన్న నవ్వుతూ "రెండు బస్సులు మారి వచ్చినం" అన్నాడు. బంతిలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. వాళ్లతోపాటు నాన్న కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ కోదాడ పోలేదు. చెల్లె ఎన్నిసార్లు పిలిచినా "మీరు పోయి రాండ్రి" అనేవాడు. ఇంట్లో కూడా మాటలు తగ్గిపోయాయి. తన గొంతు తనకే వినపడక ఒక్కోసారి మరీ గట్టిగా మాట్లాడేవాడు, అమ్మ చేత్తో సైగ చేస్తే చటుక్కున ఆపేసేవాడు. నేను వెళ్లేసరికి రోజుకు పది మాటలైనా మాట్లాడుతున్నాడో లేదో.

ఒక మధ్యాహ్నం ముందు గదిలో మంచం మీద కాలు చాపుకొని టీవీలో డెన్మార్క్ సీరియల్ పెట్టుకున్నాను. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. చేపలు పట్టే ఆయన కూతురు కనపడకుండా పోయింది. ఒక పోలీసావిడ వెతుకుతోంది. మాటలు వాళ్ల భాషలో, కింద ఇంగ్లిష్‌లో సబ్‌టైటిల్స్. నాన్న నీళ్ల కోసం వంటింట్లోకి పోతూ గుమ్మంలో ఆగాడు. చేతిలో చెంబు అట్లాగే ఉంది. పది నిమిషాలు నిలబడే చదివి, తర్వాత కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

అలవాటు కొద్దీ నేను రిమోటు తీసి, "సౌండ్ పెంచనా నాన్నా" అని సైగ చేశాను.

"పెంచితే నీకు అర్థమైతదా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నిజమే, ఆ భాష నాకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు. ఆ గదిలో ఇద్దరం చదవాల్సినవాళ్లమే. పైగా ఆయన నాకంటే తొందరగా చదువుతున్నాడు. నేను సగం వాక్యంలో ఉండగానే "అబద్ధం చెప్తున్నడు వీడు" అనేవాడు.

మూడో రోజు అమ్మ చిక్కుడుకాయల జల్లెడ పట్టుకొని వచ్చి కింద కూర్చుంది. అమ్మకు ఇంగ్లిష్ రాదు. కాసేపు ఈనెలు తీస్తూ చూసి, నాన్న మోకాలు తట్టి, ఆయన ముఖంలోకి చూస్తూ అడిగింది.

"ఏమంటున్నది ఆమె? జర మాక్కూడ చెప్పుండ్రి."

నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. మొదట ఒక్కో ముక్క. తర్వాత వాక్యాలు. వారం తిరిగేసరికి, వెనక బెంచీ పిల్లలకు కూడా అర్థం కావాలన్నట్టు, పాఠం చెప్పిన గొంతుతో చెప్తున్నాడు. గొంతు పెరిగితే అమ్మ అరచేయి కిందికి దించేది, తగ్గితే పైకెత్తేది. ఆయన ఇప్పుడు ఆపేయడం లేదు, సర్దుకుంటున్నాడు.

అమ్మ ఊరికే వినేది కాదు. "ఎప్పుడూ వానేనా వీళ్లకు? వడ్లు ఎట్ల ఎండబెడ్తరు?" అనేది. "ఇంత పెద్ద ఇంట్ల ఒక్క చిన్న లైటేంది? ముఖాలు కనపడొద్దా?" అనేది. తప్పిపోయిన పిల్ల తల్లి కాఫీ కప్పు పట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చునే సీను ఒకటి చాలాసేపు నడిచింది. మాటల్లేవు, పాట లేదు. మన సీరియళ్లయితే ఈపాటికి ఇల్లు దద్దరిల్లేదని నేనన్నాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "ఏడ్సుడు అయిపోయినంక గట్లనే కూసుంటరు బిడ్డా."

నాన్నకు అందని సంగతులు అమ్మ అందించేది. సీరియల్లో ఎక్కడో కారు ఆగిన చప్పుడైతే, పసిపిల్ల ఏడిస్తే, ఆయన మోకాలు తట్టి చెప్పేది. ఒకరోజు పోలీసావిడ ఖాళీ ఇంట్లో తిరుగుతుంటే, "పక్క అర్రల ఫోను మోగుతుంది" అని చేత్తో చెవి దగ్గర పెట్టి చూపించింది.

"అది కింద రాయలేదే" అన్నాడు నాన్న.

"రాయకుంటే మోగదా?" అన్నది అమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లిద్దరూ అట్లా నవ్వుకోవడం నేను చూసి చాలా కాలమైంది.

ఏడో భాగంలో ఆ తండ్రి పడవలు పెట్టుకునే షెడ్డులో పోలీసావిడతో మాట్లాడతాడు. నాన్న మామూలుగానే తెలుగులో చెప్పుకొస్తున్నాడు. "ఆ సాయంత్రం పిల్ల నన్ను పిలిచింది. ఇంజను నడుస్తుండె. సరిగ ఇనపడలే. మళ్ల పిలుస్తది లే అనుకున్న..." అక్కడ ఆగిపోయాడు. తెర మీద ఆ తండ్రి మాట్లాడుతూనే ఉన్నాడు, కింద అక్షరాలు మారుతూనే ఉన్నాయి. నేను సీరియల్ ఆపేశాను.

నాన్న అమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు పిలిచినప్పుడు నాకు ఇనపడకుంటే, మళ్ల పిలుస్తవా, ఊకుంటవా?"

అమ్మ చేతిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. ఆయనకు తన పెదవులు కనిపించేలా ముఖం ఎత్తి, నెమ్మదిగా చెప్పింది. "దగ్గరికొస్త. ఇన్నేండ్లసంది అదే చేస్తున్న గద."

నాన్న తల ఊపి నా వైపు తిరిగాడు. తర్వాత కోదాడ సంగతి తనంతట తానే ఎత్తాడు. "వాళ్లు నవ్వినందుకు కాదు నేను పోనిది. ఎందుకు నవ్వుతున్నరో తెల్వకుండ నేను కూడ నవ్విన. బస్సుల వచ్చేటప్పుడు మీ అమ్మను అడిగితే, ఏం లేదు లే అన్నది. అప్పుడు తెలిసింది నా మీదనే అని."

అమ్మ కళ్లొత్తుకుంది. "మీకు కష్టమైతదని చెప్పలే."

"చెప్పాలె" అన్నాడు నాన్న. "కింద రాసినట్టు, ఉన్నదున్నట్టు చెప్పాలె."

ఆ రోజు ఇక సీరియల్ పెట్టలేదు. నేను మంచం మీద వెనక్కి వాలి, వాళ్లిద్దరూ కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తుంటే చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లలో నేను ఫోను చేసిన ప్రతిసారీ అమ్మతో మాట్లాడి, "నాన్న బాగున్నాడా" అని అడిగి పెట్టేసేదాన్ని. ఆయనకు ఒక ఉత్తరం రాసినా, మెసేజ్ పెట్టినా చదువుకునేవాడు కదా. ఎందుకో తట్టలేదు.

కట్టు విప్పాక వచ్చిన ఆదివారం ముగ్గురం కోదాడ పోయాం. పోదామన్నది నాన్నే. చెల్లె వాళ్ల పెద్ద టీవీలో మరో సీరియల్, స్వీడన్‌ది, పెట్టించాడు. చెల్లె, మరిది, వాళ్ల పిల్లలు, పక్కింటివాళ్లు, అందరూ మెడలు సాచి కింది అక్షరాలు చదవడమే. మరిది మధ్యలో చెయ్యి ఎత్తాడు.

"కాస్త ఆపండి మామయ్యగారూ, నేనింకా సగంలోనే ఉన్నాను."

నాన్న దర్జాగా రిమోటు నొక్కి, వాక్యం మొత్తం తెలుగులో చెప్పి, మళ్లీ నడిపించాడు. భోజనాల దగ్గర మరిది ఏదో అడిగితే నాన్న నవ్వబోయి, ఆగాడు. "ఇనపడలే. నా దిక్కు తిరిగి మళ్ల చెప్పు" అన్నాడు. మరిది కంచం పట్టుకొని లేచి వచ్చి, ఎదురుగా కూర్చొని చెప్పాడు.

నేను సూర్యాపేట వచ్చేశాను. ఇప్పుడు నాన్నకు రోజూ మెసేజ్ రాస్తాను. ఆయన తప్పుల్లేని ఇంగ్లిష్‌లో పెద్ద పెద్ద జవాబులు పెడతాడు. మొన్న అమ్మ ఫోన్ చేసింది.

"ఫిన్లాండ్‌ది మొదలువెట్టినం. వాళ్లు ఇంకా తక్కువ మాట్లాడుతరే. మీ నాన్నకు చెప్పనీకి ఏం లేదు."

"మరి ఏం చేస్తున్నరమ్మా?"

"ఏం చేస్తం, మంచు పడుతుంటే సూస్తున్నం."