వానను ఆపిన రాగితీగ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. కారణం ముందు వస్తుందని, ఫలితం తర్వాత వస్తుందని, ఆ వరస విడమరచి చెబితే ఎంతటి మొండివాళ్లయినా ఒప్పుకుంటారని. డిగ్రీలో ఫిజిక్సు చదివే పిల్లకు ఆ మాత్రం నమ్మకం ఉండటం తప్పు కాదు. ముదిగుబ్బ దగ్గరి మా ఊరు దాన్ని ఒక్క మధ్యాహ్నంలో ఎలా నేలమట్టం చేసిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. (పక్కన పాప నిద్రపోతోంది కాబట్టి చప్పుడు కాకుండా మండుతున్నాను.)

అనంతపురం కాలేజీలో మా ఫిజిక్స్ మేడంకు హ్యామ్ రేడియో పిచ్చి. ఇంట్లో కూర్చుని సొంత సెట్టుతో, ముక్కూమొహం తెలియని ఊళ్లవాళ్లతో గాలిలో మాట్లాడే సరదా అది. దానికి ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. నాబోటి కొత్తవాళ్లకు మొదటి మెట్టు లైసెన్సు వేరే ఉంది. నేను దానికి చదవడం మొదలుపెట్టాను. చెవికి అలవాటు కావాలని మేడం ఇచ్చిన పాత రిసీవరు మిద్దె మీది గదిలో పెట్టుకుని, ఏరియల్ కోసం మిద్దె నుంచి పక్కింటి వేపచెట్టు దాకా ఇరవై మీటర్ల రాగితీగ కట్టాను.

ఆ చెట్టు గొర్రెల పెద్దమ్మది. (నాయనకు వదిన వరస. నలభై గొర్రెలు, వాటన్నిటినీ మించిన గొంతు ఆమెది.) ఆ ఏడు జూన్ పోయింది, జూలై సగం పోయింది, చినుకు లేదు. విత్తనం చెనక్కాయలు ఒలిచి పెట్టుకుని ఊరంతా ఆకాశం చూస్తోంది. కొండ మీది గాలిమరలే మబ్బుల్ని తరుముతున్నాయని మా ఊళ్లో అప్పటికే ఒక వాదన ఉండేది. గాలిమరలు చాలా దూరం. నా తీగ చేతికందే దూరం. ఇంకేముంది?

“ఏమే పాపా, నీ తీగ మోడాలను తరుముతాండాదంట గదా!” అంది పెద్దమ్మ, ఆకాశం వైపు చెయ్యి చూపిస్తూ.

“అది కదలను గూడా కదలదు పెద్దమ్మా, యెట్ల తరుముతాది?”

“మీ యమ్మ కూచున్న చోటి నుంచే మీ నాయనను చేనికి తరమదా?”

నేను మిద్దెక్కి ఫిజిక్సు పుస్తకం మళ్లీ తిరగేశాను.

పరీక్ష అంతకుముందే పాసయ్యాను. లైసెన్సు ఇచ్చే ముందు నా నడవడిక విచారించడానికి కానిస్టేబుల్ వచ్చాడు. నా ఖర్మకొద్దీ ఆయనకు ఎదురైంది పెద్దమ్మే. “ఈ పాప ఎట్లాంటిదమ్మా?” అని అడిగాడు. “బంగారమట్లాంటి పిల్ల సార్. వానను నిలిపినాది, అంతే.” ఆయన నవ్వి ఊరుకోవాలి కదా! రాస్తున్న కలం ఆపి, “ఎప్పట్నుంచి?” అన్నాడు. (ఆయనకూ ఎక్కడో నాలుగెకరాల చేను ఉందని తర్వాత తెలిసింది.)

అయినా లైసెన్సు వచ్చింది, గాలిలో నా పేరుకు బదులు పలకాల్సిన అక్షరాల గుర్తుతో సహా. ఆ వారంలోనే నలుగురు పెద్దమనుషులు వచ్చి తీగ దించమని నాయనతో చెప్పి వెళ్లారు. నాయన మిద్దెక్కి నా ముందు నిలబడ్డాడు. “నేను నమ్మనమ్మా. నమ్మను గానీ, వాన గూడా లేదు గదా.”

“ఒక్కసారి మాట్లాడతా నాయనా. ఒక్కరు జవాబు చెప్తే చాలు, నేనే దించేస్తా.”

ఆదివారం దాకా గడువు కుదిరింది. ఏడాది చదువుకు ఒక్క ఆదివారం!

ఆ మధ్యాహ్నం, మాట్లాడటానికి కూడా వీలుగా మేడం ఎరువిచ్చిన ఇంకో సెట్టు ముందు కూర్చుని పిలిచాను, పిలిచాను. గంటసేపు గరగర తప్ప ఏమీ లేదు. చివరికి కర్నూలు నుంచి ఒక పెద్దాయన నా గుర్తును అక్షరం అక్షరం పలికాడు. మాట బాగా వినిపిస్తోందమ్మా అని, ఈ సరదా ఉన్నవాళ్లంతా తప్పకుండా అడిగే ప్రశ్నే అడిగాడు: “మీ వైపు వాతావరణం ఎట్లుంది?”

నేను నోరు తెరిచేలోగా ఉరిమింది. ఉరిమితే ఏం చేయాలో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. తీగ వెంబడి పిడుగు ఇంట్లోకి రాకుండా వెంటనే దాన్ని సెట్టు నుంచి పీకి బయట పారేయాలి. “ఉరుములు సార్, ఆపేస్తున్నా!” అని ఒక్క ముక్క చెప్పి తీగ పీకి విసిరేశాను. అది జారి పోయి పోయి పెద్దమ్మ వాకిట్లో పడింది. ఐదు నిమిషాల్లో కుండపోత.

“చూడండప్పా! తీగ దిగినాది, వాన దిగినాది!” పెద్దమ్మ గొంతు వీధి చివరి దాకా వినిపించింది.

నేను తడుస్తూ వీధిలోకి పరుగెత్తాను. “ముందు ఉరిమింది! ఉరిమింది కాబట్టే తీగ తీసినా!” అని గొంతు చించుకున్నాను. వినేదెవరు? అందరూ చేతులు చాపి తడుస్తున్నారు. పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని, “ఇదేదో ముందే తీసింటే ఏం పోయిండేదే తల్లీ?” అంది. నాయన మీసాల మీంచి నీళ్లు కారుతుండగా నా పక్కకొచ్చి, “నువ్వు చెప్పేది నిజమేమ్మా. వాన నిలిచినాక అందరికీ చెబుదాం,” అన్నాడు. వాన నిలిచాక అందరూ విత్తడానికి పోయారు. నా వాదన ఇంతవరకు ఎవరూ వినలేదు.

ఇప్పుడు నా కాపురం అనంతపురంలో. సొంత సెట్టుంది, మిద్దె మీద తీగ ఉంది. పాప పుట్టాక మాట్లాడే తీరికే లేదు. (దాని నుదురు తడిమి జ్వరముందేమోనని చూడటమే నాకు రాత్రి ఉద్యోగం.) ఇందాక నాయన ఫోన్ చేశాడు.

“విత్తినామమ్మా. మోడాలు వస్తాండాయి, పోతాండాయి.” గొంతు తగ్గించి, “నీ తీగ... తగిలించే ఉండాదా?”

“నువ్వు గూడానా నాయనా? మనూరు యాడ, అనంతపురం యాడ!”

“ఊరికే అడిగినాలేమ్మా. పండుకో.”

ఆ కోపంలోనే ఇదంతా రాయడానికి కూర్చున్నాను. మధ్యలో ఒక్కసారి మాత్రం లేచి, సెట్టు నుంచి తీగ పీకి కిటికీ బయట వేసి వచ్చాను. పసిబిడ్డ ఉన్న ఇల్లు, పిడుగులతో ఆటలా? జాగ్రత్త కోసమే. ఆకాశం నిండా చుక్కలున్నాయి.